ఎత్తులో తొక్కాలా, దిగి తోసుకుంటూ వెళ్ళాలా? గేర్ల ఎంటీబీ వాళ్ళు చెప్పండి

విశాఖ_చక్రం
గేర్లున్న ఎంటీబీ (మౌంటెన్ బైక్) కొని ఏడాది కావస్తోంది. బీచ్ రోడ్డు, సింహాచలం ఘాట్ వరకు ఏ ఇబ్బందీ లేదు. ఈ మధ్య మా గ్రూపుతో మన్యం వైపు వెళ్తున్నాను. పాడేరు దగ్గర వంజంగి కొండ మీదికి వెళ్ళే దారి చూసిన వాళ్ళకు తెలుసు, చివర్లో అంతా మట్టి, రాళ్ళు, వాన నీళ్ళకు కోసుకుపోయిన కాలవలు. అక్కడ నేను దిగి తోసుకుంటూ వెళ్తాను. గ్రూపులో ఇద్దరు ముగ్గురికి ఇది నచ్చదు. "తోసుకుంటూ వస్తే రైడ్ ఎలా అవుతుంది? సైకిల్ ఇంట్లో పెట్టి నడిచి రావచ్చు కదా" అంటారు. వింటుంటే బాధగా ఉంటోంది.

తోయడం వల్ల నిజంగా శక్తి మిగులుతుందా, లేక మనకు అలా అనిపిస్తుందా? ఎంత ఎత్తు వస్తే దిగాలి? ఈ రెండూ తెలియాలి. నా బరువు 70 కిలోలు, సైకిల్ 15. ముందు మూడు, వెనుక ఏడు గేర్లు.

గేరులేనివాడు
తొక్కగలిగినంత తొక్కు, లేనప్పుడు తొయ్యి. దీనికి ఎవరి పర్మిషన్ కావాలి?

ఘాట్‌పిచ్చి
మీ గ్రూపు వాళ్ళు అన్న తీరు బాలేదు, కానీ మాటలో కొంత నిజం ఉంది. కష్టంగా అనిపించిన ప్రతిసారీ దిగిపోతే కాళ్ళకు, ఊపిరికి ఆ కష్టం ఎప్పటికీ అలవాటు కాదు. శృంగవరపుకోట దాటాక మొదలయ్యే అరకు ఘాట్‌లో నేను నేర్చుకున్నది అదే. వేగం ఎంత పడిపోయినా పర్వాలేదు, కాలు మాత్రం కింద పెట్టను. నెల తిరిగేసరికి అదే మలుపు తేలికగా దాటతాం. దిగడం అలవాటైతే మనసు ముందే దిగిపోతుంది.

స్పోక్‌రాణి
అరకు ఘాట్ తార్రోడ్డు కదా అన్నా. ఆయన అడిగింది రాళ్ళదారి గురించి. రెండిటికీ పోలికే లేదు.

ఘాట్‌పిచ్చి
దారి ఏదైనా పిక్కలు అవే కదా.

ఫిజిక్స్_మాస్టారు
బరువులు ఇచ్చారు కాబట్టి లెక్క వేసి చూద్దాం.

మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలు. 12 శాతం ఎత్తు అంటే 100 మీటర్లు ముందుకు పోతే 12 మీటర్లు పైకి. గంటకు 4.5 కిలోమీటర్ల వేగంతో వెళ్తే, ఆ బరువును పైకి ఎత్తడానికి దాదాపు 125 వాట్లు కావాలి. మట్టిదారిలో టైర్ల రాపిడికి ఇంకో 20 వేసుకోండి, మొత్తం 145. కాస్త అలవాటున్న మనిషి అరగంట పైగా చేయగల పని ఇది.

ఇప్పుడు 20 శాతం తీసుకోండి. అదే వేగానికి రాపిడితో కలిపి దాదాపు 225 వాట్లు. మామూలు రైడర్ దీన్ని కొద్ది నిమిషాలే లాగగలడు. గసపోసి ఆగిపోతాడు.

అలాంటప్పుడు ఎవరైనా చేసేది వేగం తగ్గించడమే. వేగం సగమైతే వాట్లూ సగమవుతాయి. చిక్కు ఏమిటంటే, గంటకు 4 కిలోమీటర్ల కంటే తగ్గితే రాళ్ళ మీద సైకిల్ నిలవదు, ముందు చక్రం అటూ ఇటూ కొట్టుకుంటుంది. తొక్కడానికి ఒక కనీస వేగం ఉంది, నడకకు లేదు. అదే 20 శాతం ఎత్తును గంటకు 2.5 కిలోమీటర్ల చొప్పున తోసుకుంటూ ఎక్కితే 120 వాట్ల లోపు సరిపోతుంది.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు ఇది. కొండ మొత్తానికి అయ్యే పని తగ్గదు, అదే 85 కిలోలు అదే ఎత్తుకు చేరాలి. తగ్గేది నిమిషానికి అయ్యే ఖర్చు. గుండె, ఊపిరి అలసిపోయేది ఆ నిమిషం ఖర్చుకే.

ఇంకో మాట. ఇది నిటారు దారులకే వర్తిస్తుంది. 5, 6 శాతం ఘాట్ రోడ్డులో దిగి తోయడం దండగ. నడకలో ప్రతి అడుగుకూ ఒంటిని మోయాలి, ఎత్తాలి, దించాలి. సీటు మీద కూర్చుంటే ఆ బరువు సైకిల్ మోస్తుంది. అక్కడ తొక్కడమే ఎంతో చవక.

విశాఖ_చక్రం
మాస్టారూ, ధన్యవాదాలు. "కనీస వేగం" అన్న మాటతో చాలా అర్థమైంది. పైకి చేరాక కాళ్ళు ఎందుకు అలసిపోలేదో ఇప్పుడు తెలిసింది.

ఘాట్‌పిచ్చి
లెక్క కాదనను. కానీ ఆ వాట్లు రాతి మీద చెక్కినవి కావు, సాధనతో పెరుగుతాయి. ఈ రోజు 225 కొద్ది నిమిషాలే లాగేవాడు ఆరు నెలల్లో పావుగంట లాగవచ్చు. దిగి నడిచే వాడికి అది ఎలా వస్తుంది?

ఫిజిక్స్_మాస్టారు
వస్తుంది. 10, 12 శాతం ఎత్తుల్లో ఎక్కువసేపు తొక్కినా వస్తుంది. 20 శాతం రాళ్ళలో జారిపడుతూ సాధన చేయక్కర్లేదు.

మస్తాన్_మెకానిక్
కాళ్ళ గురించి, గుండె గురించి మాట్లాడుతున్నారు, సైకిల్‌ను ఎవరూ చూడటం లేదు. ముందు మూడు, వెనుక ఏడు అన్నారు. ఈ ధరలో వచ్చే వాటిలో ఎక్కువగా ముందు చైన్‌వీల్ (పెడల్ దగ్గరి పళ్ళేలు) 42-34-24 పళ్ళు, వెనుక ఫ్రీవీల్ (వెనుక చక్రం మీది పళ్ళేల కట్ట) 14-28, అంటే 14 నుంచి 28 పళ్ళ దాకా ఉంటుంది. అంటే అన్నిటికంటే తేలిక గేరు 24 కి 28. ఇరవై ఏడున్నర అంగుళాల చక్రానికి ఒక్క తొక్కుడు చుట్టుకు సైకిల్ దాదాపు 1.87 మీటర్లు పోతుంది. మాస్టారు చెప్పిన 4.5 కిలోమీటర్ల వేగానికి నిమిషానికి 40 చుట్లే. 40 చుట్లతో నిటారు ఎత్తు ఎక్కడమంటే ప్రతి తొక్కుకూ మోకాలి మీద నిలబడ్డట్టే.

వెనుక 14-34 ఫ్రీవీల్ దొరుకుతుంది, ఏడు గేర్లదే. పెద్ద పళ్ళెం ఒక్కటే మిగతా వాటికంటే బాగా పెద్దదిగా కనిపిస్తుంది, మెగారేంజ్ అంటారు. దాంతో ఒక చుట్టుకు 1.54 మీటర్లు, అదే వేగానికి 49 చుట్లు. పెడల్ మీద బలం 18 శాతం తగ్గుతుంది. ఖర్చు తక్కువ, తేడా మొదటి ఎత్తులోనే తెలుస్తుంది. మీ వెనుక డిరైల్యూర్ (చైన్‌ను ఒక పళ్ళెం నుంచి ఇంకోదానికి మార్చే భాగం) 34 పళ్ళ దాకా పడుతుందో లేదో ముందు చూపించుకోండి. చైన్ పొడవు కూడా చూడాలి, పాత చైన్ పొట్టిదైతే ముందు పెద్ద పళ్ళెం, వెనుక పెద్ద పళ్ళెం మీద వేసినప్పుడు డిరైల్యూర్ విరిగిపోతుంది.

ఖరీదైన కొత్త బండ్లలో ముందు ఒక్కటే, 30 గానీ 32 గానీ. వెనుక పన్నెండు, 10 నుంచి 51 వరకు. 32 కి 51 అంటే వెనుక చక్రం ఒక చుట్టు తిరగడానికి పెడల్ ఒకటిన్నర చుట్లకు పైగా తిరగాలి. అలాంటి బండి మీద ఎక్కేవాడు, 14-28 మీద ఉన్నవాడిని చూసి నవ్వకూడదు.

స్పోక్‌రాణి
చివరి లైన్‌కు వంద లైకులు మస్తాన్ భాయ్.

గేరులేనివాడు
నా ఐడీ పేరు చూశారు కదా. ఒక్కటే గేరు, 32 కి 18. నాకు తొయ్యాలా వద్దా అన్న ప్రశ్నే రాదు, కొండే చెప్పేస్తుంది.

మదనపల్లి_మబ్బు
హార్స్‌లీ హిల్స్ మా ఊరి కొండ, పైన 1,265 మీటర్లు. తార్రోడ్డే కాబట్టి గేర్లుంటే తోయాల్సిన అవసరం దాదాపు రాదు, మాస్టారి మాట ఇక్కడ నూటికి నూరు పాళ్ళు నిజం. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. అలసిపోయినవాళ్ళు ఎత్తు తగ్గించుకోవడానికి రోడ్డుకు అడ్డంగా పాములా మెలికలు తిరుగుతూ ఎక్కుతారు. ఖాళీ మట్టిదారిలో సరే. బస్సులు తిరిగే ఘాట్ మలుపులో అది ప్రాణాల మీదికి తెస్తుంది. మెలికలు తిరగాల్సిన స్థితి వచ్చిందంటే ఎడమ పక్కకు తీసి దిగండి. రెండు నిమిషాలు ఊపిరి తీసుకొని మళ్ళీ ఎక్కండి.

ఘాట్‌పిచ్చి
ఇది నేనూ ఒప్పుకుంటాను. మలుపు లోపలి వైపు ఎత్తు ఇంకా ఎక్కువ, అక్కడే అందరూ అడ్డం తిరుగుతారు. ఎదురు వాహనం లేదని ఖాయంగా కనిపిస్తే మలుపును కాస్త వెడల్పుగా తీసుకోవాలి, కనిపించకపోతే మన అంచునే ఉండాలి.

ఫ్రీమాంట్_పెదనాన్న
ఇక్కడ కాలిఫోర్నియాలో మాకు మిషన్ పీక్ అనే కొండ ఉంది. వారాంతంలో వెళ్తే కొండ మీద తెలుగు వినపడకుండా ఉండదు. స్టాన్‌ఫర్డ్ అవెన్యూ వైపు నుంచి దాదాపు 5 కిలోమీటర్లలో 600 మీటర్లకు పైగా ఎక్కాలి, అంటే సగటే 12, 13 శాతం. సగటు అంత ఉందంటే మధ్యలో కొన్ని మెట్టలు ఎంత నిటారో ఊహించుకోండి. వెడల్పైన కంకర దారే, కానీ నీడ ఉండదు. మంచి సైకిళ్ళున్న కుర్రాళ్ళు కూడా పైభాగంలో దిగి తోయడం చూస్తుంటాను. ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. నడిచేవాళ్ళ గుంపులు ఎక్కువ కాబట్టి దిగడం ఒక్కోసారి మర్యాద కూడా.

ఆ గ్రూపు వాళ్ళకు చెప్పండి, మౌంటెన్ బైక్ పుట్టిందే తోసుకుంటూ ఎక్కినవాళ్ళ చేతుల్లో. మాకు ఉత్తరాన మారిన్ కౌంటీలో ఫెయిర్‌ఫ్యాక్స్ అనే ఊరు. 1976లో అక్కడి కుర్రాళ్ళు లావు టైర్ల పాత సైకిళ్ళు, గేర్లు లేనివి, కొండ మీదికి తోసుకుంటూనో ట్రక్కులో వేసుకొనో తీసుకెళ్ళి దిగుడులో పందేలు పెట్టుకునేవారు. వెనుక హబ్బులో ఉండే కోస్టర్ బ్రేకు (పెడల్ వెనక్కి తొక్కితే పడేది) దిగేసరికి వేడెక్కి గ్రీజు కాలిపోయేది. మళ్ళీ గ్రీజు పెట్టి బిగించాలి. అందుకే ఆ పందేనికి రీప్యాక్ అని పేరొచ్చింది. తోయడం తప్పించుకోవడానికే గ్యారీ ఫిషర్ లాంటివాళ్ళు ఆ పాత ఫ్రేములకు గేర్లు బిగించారు. మనం ఈ రోజు తొక్కుతున్న బండి అక్కడి నుంచే మొదలైంది.

ఘాట్‌పిచ్చి
చూశారా పెదనాన్నా, తోయలేకే గేర్లు పెట్టారు. అంటే నా వాదనే గెలిచింది.

ఫ్రీమాంట్_పెదనాన్న
గేర్లు పెట్టే లోపల తోసే కదా ఎక్కారు నాయనా. నీదీ గెలిచింది, ఆ విశాఖ అబ్బాయిదీ గెలిచింది.

టూర్_అభిమాని
రోడ్డు సైకిళ్ళ చరిత్రలోనూ ఇదే ఉంది. టూర్ డి ఫ్రాన్స్‌ను మొదటిసారి పైరెనీస్ (ఫ్రాన్స్, స్పెయిన్ సరిహద్దు కొండలు) పెద్ద కనుమలకు తీసుకెళ్ళింది 1910లో. తూర్‌మాలే కనుమ 2,115 మీటర్లు, అప్పటికి అక్కడ ఉన్నది రాళ్ళబాట. పోటీదారులు చాలావరకు దిగి తోసుకుంటూ ఎక్కారు. దిగకుండా ఎక్కింది గ్యుస్తావ్ గారిగూ. దానికి అతనికి 100 ఫ్రాంకుల ప్రత్యేక బహుమతి ఇచ్చారు. కానీ ఆ కనుమను ముందుగా దాటింది, ఆ ఏడాది టూర్ గెలిచింది కూడా, కొంత దూరం తోసుకుంటూ నడిచిన ఒక్తావ్ లాపీజ్. డిరైల్యూర్ గేర్లను టూర్‌లో 1937 దాకా అనుమతించనే లేదు.

స్పోక్‌రాణి
ఈ పోస్టును ప్రింట్ తీసి ఆ గ్రూపులో పంచాలి. తోసినవాడు టూర్ గెలిచాడు.

విశాఖ_చక్రం
వాట్సాప్‌లో పెట్టేశాను. ఇంకా ఎవరూ మాట్లాడలేదు.

కొండగాలి
చరిత్ర బాగుంది, ఇక ఎలా తొయ్యాలో ఎవరైనా చెప్పారా? చాలామంది అది కూడా రాక అలసిపోతారు.

సైకిల్‌కు ఎడమ పక్కన నిలబడండి. చైన్ కుడి వైపు ఉంటుంది కాబట్టి ప్యాంటుకు, పిక్కకు పళ్ళు తగలవు. పెద్దగా ఎత్తు లేకపోతే రెండు చేతులూ హ్యాండిల్ మీదే. ఎత్తు పెరిగితే ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద, కుడి చెయ్యి సీటు వెనుక భాగం మీద. చేతులు చాచి ఒంటి బరువు ముందుకు వాల్చండి, అప్పుడు తోసేది కాళ్ళే, భుజాలు కాదు. ఇంకా నిటారుగా ఉండి కాళ్ళు జారుతుంటే బ్రేకును వాడండి. రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టి సైకిల్‌ను చేతి పొడవు ముందుకు తోసి, బ్రేకు నొక్కి, దాన్ని పట్టుకొని రెండు అడుగులు ఎక్కండి. వదిలి మళ్ళీ తోయండి. చేతికర్రలా పనికొస్తుంది. మెట్లలా రాళ్ళు వస్తే తోయకండి, ఫ్రేము పట్టుకొని భుజానికెత్తుకోవడం మేలు. సైక్లోక్రాస్ పోటీల్లో వాళ్ళు చేసేది అదే.

15 కిలోల బండిని 20 శాతం ఎత్తులో నెట్టడానికి కావలసిన బలం 3 కిలోల బరువు ఎత్తినంతే. ఎత్తితే 15 కిలోలూ మోయాలి. అందుకే చక్రం దొర్లినంత వరకు దొర్లించాలి.

స్పోక్‌రాణి
దీనికి ఒకటి కలుపుతాను. నా బరువు 50 లోపు, మా షాపులో దొరికిన ఎంటీబీ 16 కిలోలు. ఒంటిలో మూడో వంతు బరువు పక్కన నడిపిస్తున్నట్టు. సన్నగా, పొట్టిగా ఉన్నవాళ్ళకు హ్యాండిల్ ఛాతీ ఎత్తుకు వస్తుంది, తోసేటప్పుడు చేతులు త్వరగా లాగేస్తాయి. నేను ఎక్కువ దూరం తోయాల్సినప్పుడు సీటు కాస్త దించుతాను, కుడి చేతికి అందుతుంది. పక్క మార్చుకుంటూ కూడా ఉంటాను, చైన్ వైపు నడిచేటప్పుడు చైన్‌ను పెద్ద చైన్‌వీల్ మీద వేస్తే పళ్ళు గుచ్చుకోవు.

గ్రూపు లీడర్లు ఇది చదవాలి. 16 కిలోల బండితో 50 కిలోల అమ్మాయి వెనకబడితే అది ఓపిక లేక కాదు. మలుపు దగ్గర ఆగండి. ఆమె వచ్చి చేరగానే "పదండి పదండి" అని బయలుదేరకండి, ఆమెకూ నీళ్ళు తాగే టైమ్ ఇవ్వండి. ముందు చేరినవాళ్ళు పది నిమిషాలు విశ్రాంతి తీసుకొని, చివర వచ్చినవాళ్ళకు సున్నా నిమిషాలిస్తే ఎవరు ఎక్కువ అలసిపోతారు?

మదనపల్లి_మబ్బు
ఇది అన్ని గ్రూపుల్లోనూ జరుగుతుంది. బాగా చెప్పారు అక్కా.

ఘాట్‌పిచ్చి
నిజమే. ఇక నుంచి చివరి మనిషి వచ్చాక ఐదు నిమిషాలు లెక్కపెట్టి బయలుదేరమని మా వాళ్ళకు చెబుతాను.

యాభైదాటాక
మోకాళ్ళ గురించి ఎవరూ ఎత్తలేదు. బరువు గేరులో నిమిషానికి 40, 45 చుట్లతో ఎక్కువసేపు ఎక్కితే మోకాలి చిప్ప ముందు భాగం నొప్పి పెడుతుంది. సీటు కిందికి ఉంటే ఇంకా ఎక్కువ. మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కినప్పుడు కాలు పూర్తిగా చాచుకోవాలి, సీటు కనీసం అంత ఎత్తులో ఉండాలి. 55, 60 చుట్లు తిప్పలేకపోతున్నానంటే ఇంకా చిన్న గేరుకు మారతాను, అది లేకపోతే దిగిపోతాను. నా వయసులో నెల రోజులు ఇంట్లో కూర్చోవడం కంటే వంద మీటర్లు నడవడం మంచిది.

ఛాతీలో బరువు, కళ్ళు తిరగడం, ఎడమ చెయ్యి లాగడం లాంటివి వస్తే తొక్కడమూ కాదు, తోయడమూ కాదు. ఆగి కూర్చోవాలి, తోడున్నవాళ్ళకు చెప్పాలి, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. దాచుకోవద్దు.

ఫిజిక్స్_మాస్టారు
పెద్దాయన మాటకు తోడు ఎండ సంగతి. పల్లంలో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే గాలికి చెమట ఆరి ఒళ్ళు చల్లబడుతుంది. ఎత్తులో 5 కిలోమీటర్ల వేగానికి ఆ గాలి రాదు, పైగా ఒంట్లో వేడి ఎక్కువ పుడుతుంది. మన దగ్గర మార్చి దాటాక నిటారు దారిలో నీళ్ళు రెట్టింపు కావాలి. తల బరువెక్కినట్టు అనిపిస్తే నీడలో ఆగడం మొదటి పని.

అనంతగిరి_ఆదివారం
హైదరాబాద్ నుంచి మేము వెళ్ళేది వికారాబాద్ దగ్గర అనంతగిరి అడవికి. అక్కడ ఎత్తుల కంటే జారుడు సమస్య. వెనుక చక్రం తిరుగుతుంది, బండి కదలదు. ఎంత బలమున్నా లాభం లేదు. అలాంటి చోట లేచి నిలబడి తొక్కితే ఇంకా జారుతుంది, బరువు వెనుక చక్రం మీది నుంచి పోతుంది కాబట్టి. కూర్చొనే, సీటు ముందు మొనకు జరిగి, మోచేతులు మడిచి, గడ్డాన్ని హ్యాండిల్ వైపు దించాలి. అప్పుడు ముందు చక్రం లేవదు, వెనుక చక్రం పట్టు వదలదు. టైర్లలో గాలి కూడా చూసుకోండి. ఊళ్ళో పంపు షాపువాళ్ళు రాయిలా కొట్టేస్తారు. మట్టిదారికి టైరు మీద రాసిన పరిమితి లోపల, తక్కువ వైపు పెట్టుకుంటే పట్టు బాగుంటుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు నలిగి పంక్చరవుతుంది.

గేరులేనివాడు
అందరూ ఎక్కడ దిగాలో చెబుతున్నారు. దిగాక మళ్ళీ ఎక్కడం ఎలా? ఎత్తులో ఎక్కబోతే బండి వెనక్కి జారుతుంది, పెడల్ అందేలోపు పడిపోతాం.

కొండగాలి
దిగే ముందే ఆలోచించాలి. పూర్తిగా ఆగిపోయేదాకా తొక్కితే నిటారు మధ్యలో, చెత్త చోట ఆగుతాం. ముందు చూసి, మెట్ట మొదట్లోనే కాస్త చదునుగా ఉన్న చోట దిగితే ఒంట్లో బలం ఉండగానే తోసేయవచ్చు. మెట్ట దాటాక దారి కొంచెం వాలిన చోట మళ్ళీ ఎక్కాలి.

తప్పక ఎత్తులోనే ఎక్కాలంటే: దారి వెడల్పుంటే సైకిల్‌ను కొంచెం అడ్డంగా తిప్పి పెట్టండి. వెనుక బ్రేకు నొక్కి ఉంచండి. తేలిక గేరు ముందే వేసుకోండి, అన్నిటికంటే తేలికది కాదు, దానికి ఒకటి ముందుది. అన్నిటికంటే తేలికది వేస్తే ఒక్క తొక్కుకు బండి కదిలే దూరం చాలదు, రెండో పాదం పెడల్ చేరదు. ఒక పెడల్ పైన, కొంచెం ముందుకు. బలంగా ఒక తొక్కు తొక్కుతూనే బ్రేకు వదలండి, సీటు మీద కూర్చోండి.

విశాఖ_చక్రం
ఒక గేరు ముందుది వేయాలన్నది నాకు కొత్త. రేపే మా వీధి చివర ఎత్తులో చూస్తాను.

స్టుట్‌గార్ట్_తెలుగు
నేనుండే జర్మనీ రాష్ట్రం బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌లో తోయడం ఒక్కోసారి చట్టం. అడవిలో 2 మీటర్ల కంటే సన్నని బాటల మీద సైకిల్ తొక్కకూడదు. బ్లాక్ ఫారెస్ట్‌లో మంచి సన్నబాటలు చాలావరకు ఇలాంటివే, ప్రత్యేకంగా అనుమతించినవి తప్ప. దిగి తోసుకుంటూ వెళ్తే పేచీ లేదు. దీని మీద ఇక్కడి సైక్లిస్టులకు చాలా కోపం, నాకూ అంతే. నడిచేవాళ్ళను చూసి నెమ్మదించే రైడర్లను కూడా ఒకే గాటన కట్టేశారు.

ఇంకోటి. ఇక్కడ కొండల్లో ఇప్పుడు కరెంటు ఎంటీబీలే ఎక్కువ. 22 నుంచి 25 కిలోల బరువుంటాయి. బ్యాటరీ అయిపోతే దాన్ని తోయడం నరకం. వాటిలో నడక సాయం అని ఒక మీట ఉంటుంది, నొక్కి ఉంచితే గంటకు 6 కిలోమీటర్ల లోపు మోటారే దాన్ని పక్కన నడిపిస్తుంది. మోటారున్న బండికే తోసే మీట పెట్టారంటే, తోయాల్సిన చోట్లు ఉంటాయని తయారుచేసినవాళ్ళకు తెలుసు.

ఘాట్‌పిచ్చి
కరెంటు బండిని ఈ చర్చలోకి తేకండి, రక్తపోటు పెరుగుతుంది.

యాభైదాటాక
నాకు అదొకటి కొనాలని ఉంది. మీ రక్తపోటు జాగ్రత్త.

అనంతగిరి_ఆదివారం
విశాఖ అన్న రెండో ప్రశ్నకు ఇంకా సూటిగా జవాబు రాలేదు. ఎంత ఎత్తుకు దిగాలి?

ఫిజిక్స్_మాస్టారు
శాతం చూసి దిగేవాళ్ళు ఎవరూ ఉండరు, దారిలో బోర్డులు ఉండవు. నా గుర్తులు చెబుతాను. పక్కన నడిచే మనిషి మీతో సమానంగా వస్తుంటే ఒకటి. ముందు చక్రాన్ని అనుకున్న గీతలో ఉంచలేకపోతే రెండు. ఒక చిన్న వాక్యం కూడా ఆగకుండా పలకలేకపోతూ, ముందు ఇంకా చాలా ఎత్తు మిగిలి ఉంటే మూడు. ఈ మూడింటిలో రెండు కలిస్తే దిగండి. ఎత్తు చివర కనిపిస్తుంటే, పది ఇరవై మీటర్లే అయితే, మూడూ ఉన్నా తొక్కేయండి. అది ఘాట్‌పిచ్చి గారి వాటా.

ఘాట్‌పిచ్చి
ఆ వాటా చాలు. నాదీ ఒక మాట రాసుకోండి: తోసుకుంటూ వెళ్ళినా సరే, ప్రతిసారీ దిగిన రాయి గుర్తుపెట్టుకోండి. తర్వాతిసారి దాన్ని దాటి దిగండి. అంతకుమించి నేను కోరేది లేదు. ఎవరినీ "నడిచి రావచ్చు కదా" అనే హక్కు మాత్రం ఎవరికీ లేదు. అలా అన్నవాళ్ళు మా గ్రూపులో ఉంటే నేనే మాట్లాడతాను.

స్పోక్‌రాణి
ఇది చాలా బాగుంది అన్నా.

విశాఖ_చక్రం
అందరికీ చాలా థ్యాంక్స్. వారం తర్వాత అప్‌డేట్ ఇది. 14-34 ఫ్రీవీల్ పెట్టించాను. షాపులో డిరైల్యూర్ పడుతుందన్నారు, చైన్ మాత్రం మార్చాల్సి వచ్చింది. నిన్న వంజంగి వెళ్ళాం. ఇంతకు ముందు దిగే చోటు దాటి రెండు మలుపులు తొక్కాను, తర్వాత రాళ్ళు మొదలైన చోట దిగి కొండగాలి గారు చెప్పినట్టు బ్రేకు పట్టుకుంటూ తోశాను. చేతులు ఈసారి అసలు లాగలేదు. గ్రూపులో మామూలుగా ఏదో ఒకటి అనేవాళ్ళలో ఒకరు పైభాగంలో నా వెనకే తోసుకుంటూ వచ్చారు. నేనేమీ అనలేదు, చివర ఇద్దరం కలిసే ఎక్కాం.

ఒక డౌటు మస్తాన్ భాయ్. కొత్త ఫ్రీవీల్‌లో రెండో పెద్ద పళ్ళెం నుంచి 34 మీదికి మారేటప్పుడు టక్కుమని పెద్ద శబ్దం వస్తోంది, ఒక్కోసారి ఎక్కడం లేదు.

మస్తాన్_మెకానిక్
ఆ రెండిటి మధ్య పళ్ళ తేడా ఎక్కువ, కాబట్టి కొంత శబ్దం సహజం. ఎత్తు మొదలయ్యాక, బలంగా తొక్కుతూ మార్చకండి. మెట్ట రాకముందే పెడల్ వదులుగా తిప్పుతూ 34 లోకి వేసుకోండి. అప్పటికీ ఎక్కకపోతే వైరు లాగుడు ఒక పావు చుట్టు బిగించి చూడండి, షిఫ్టర్ దగ్గరున్న చిన్న బిళ్ళను అప్రదక్షిణంగా తిప్పాలి. లిమిట్ స్క్రూ (డిరైల్యూర్ ఎంత దూరం జరగాలో ఆపేది) ముట్టుకోకండి, తప్పు తిప్పితే చైన్ స్పోకుల్లో పడుతుంది. అది షాపులోనే చేయించండి.

గేరులేనివాడు
ఆ అరిగిపోని పాత 14-28 ఫ్రీవీల్ ఏం చేశారు? మా తమ్ముడి బండికి కావాలి.

విశాఖ_చక్రం
ఇంట్లోనే ఉంది. మెసేజ్ పెట్టండి, పంపిస్తాను.